నేర్చుకునే నార

మల్లీశ్వరి తయారుచేసిన నారకు ఒక్కటే బుద్ధి. లాగితే బలపడుతుంది. ఎంత లాగితే అంత బలపడుతుంది. ఇంకే బుద్ధీ దానికి లేదు, ఆమె నేర్పలేదు.

గోదావరి పక్క అడవుల్లో మద్దిచెట్ల మీద పెరిగే దసలి పట్టుగూళ్ళ నుంచి తీసిన దారం అది. హనుమకొండలోని తన ప్రయోగశాలలో మల్లీశ్వరి ఆ దారం మీద మనిషి కణాలను నాటి గాజుపాత్రల్లో పెంచేది. పాత్రకు అటూ ఇటూ రెండు చిన్న కొక్కేలు. అవి దారాన్ని లాగుతాయి, వదులుతాయి, మళ్ళీ లాగుతాయి. కొన్ని వారాలు గడిచేసరికి పీచులాంటి ఆ దారం తెల్లగా, నున్నగా, మేకకాలి నరమంత గట్టిగా తయారయ్యేది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్ళు మన ఒంట్లో ఉంటాయి కదా, డాక్టర్లు టెండన్లంటారు, మనందరం నరాలనే అంటాం. అవి తెగినచోట ఈ నారను కుట్టేస్తే మెల్లగా ఒంట్లో కలిసిపోయి, ఆ మనిషి చేసే పనిని బట్టి తనంతట తనే ముదురుతుంది. కుందేళ్ళలో ముదిరింది. మేకల్లో ముదిరింది. మనుషుల మీద పరీక్షించడానికి అనుమతి వచ్చిన రోజు ప్రయోగశాలలో అందరూ మిఠాయి పంచుకుంటుంటే, మల్లీశ్వరి వరండాలోకి వెళ్ళి అన్నకు ఫోన్ చేసింది.

"అన్నా, పిల్లను తోల్కరా."

అవతల నుంచి ఓదెలు, "నిజంగనే ఉరుకుతదా మల్లీ?" అన్నాడు.

"ఉరుకుతది. ఎవలకు దొరకది."

ఓదెలు కరీంనగర్ దగ్గర ఒక సర్కారు బడిలో వ్యాయామం సారు. ఆ బడి పిల్లలకు ఎక్కాలు రాకపోవచ్చు గానీ ఖో-ఖో రాకపోవడమన్నది లేదు. చుట్టుపక్కల ఏ పోటీ జరిగినా ఓదెలు సారు పిల్లలు వస్తున్నారంటే మిగతా బడుల సార్లు ముఖాలు మాడ్చుకునేవాళ్ళు. ఖో-ఖోలో తరిమే జట్టు వాళ్ళు ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి వరసగా గొంతుక్కూర్చుంటారు. తరుముతున్న మనిషి వచ్చి వీపు తట్టి "ఖో" అనగానే కూర్చున్న మనిషి లేచి దూకాలి. లేచేటప్పుడు రెప్పపాటు ఆలస్యమైందా, అవతలివాడు చేజారినట్టే. అందుకే ఓదెలు పాఠమంతా కూర్చోవడంలోనే ఉండేది. "మంచిగ కూసునుడు నేర్సుకోండ్రి, లేసుడు అదే వస్తది" అనేవాడు. కూతురు అఖిలకైతే మూడో తరగతి నుంచే ఆ పాఠం మొదలైంది. ఇంట్లో చదువుకున్నా గొంతుక్కూర్చునే, టీవీ చూసినా గొంతుక్కూర్చునే. తల్లి స్వరూప కసురుకుంటే తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు.

ఆ అఖిలకు రాష్ట్ర జట్టులో ఆడే వయసొచ్చేసరికి ఎడమ తొడ వెనక, పిర్ర కింద నరం తెగింది. కట్టు కట్టారు, అతికింది. ఆడింది, మళ్ళీ తెగింది. మూడోసారి తెగినప్పుడు డాక్టరు ఇక ఆట మానుకొమ్మని మెత్తగా చెప్పాడు. ఓదెలు ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అఖిల మాత్రం తింది, తిన్నాక గోడవైపు తిరిగి పడుకుంది. మేనకోడలు అలా పడుకున్న సంగతి వదిన ఫోన్‌లో చెప్పిన నాటి నుంచి మల్లీశ్వరి గాజుపాత్రల్లోకి చూసినప్పుడల్లా ఆ పిల్ల తొడే కనిపించేది. విజ్ఞానం కోసం, మానవజాతి కోసం అని ఆమె సభల్లో చెప్పేది. అది అబద్ధం కాదు. కానీ ముందు అఖిల, తర్వాతే మానవజాతి.

నార కుట్టబోయే వాళ్ళకు ఏయే పరీక్షలు చెయ్యాలో నిర్ణయించే సమావేశంలో ఎముకల సర్జన్ ఫర్హానా, "తుంటికి కూడా ఒక ఎక్స్‌రే తీద్దామా?" అని అడిగింది.

"తెగింది తొడలో కదా డాక్టరుగారూ, తుంటితో ఏం పని?" అంది మల్లీశ్వరి. "అయినా మన పిల్లలు కుర్చీల్లో పెరిగినవాళ్ళా? మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోగలిగితే తుంటి బాగున్నట్టే. అంతకుమించిన పరీక్ష ఏముంటుంది?"

ఫర్హానా కూడా నేలమీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరుచుకుని తిని పెరిగిన మనిషే. నవ్వి సరేనంది. సమావేశంలో ఉన్న వాళ్ళందరూ నేలమీద కూర్చుని పెరిగినవాళ్ళే, అందరికీ ఆ మాట సబబుగానే తోచింది. ఇలాంటి పొరపాటు మన దగ్గరే జరగాలి. వంటింట్లో పీటలు, పొలంలో కలుపుతీతలు, బావి దగ్గర గిన్నెలు తోమడాలు చూసిన కళ్ళకు, ఒక మనిషి సుఖంగా గొంతుక్కూర్చుంటే ఆ మనిషి కీళ్ళలో లోపముందని అనిపించదు. అఖిల పరీక్షకు వచ్చినప్పుడు గొంతుక్కూర్చోమంటే కూర్చుంది. ఇంకా ఎంతసేపని అడగలేదు. సంచీలోంచి జామకాయ తీసి కొరుక్కుతింటూ, "అత్తమ్మా, సాయంత్రం దాకనన్న కూసుంట, నీ ఇష్టం" అంది. గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆమె పేరు పక్కన తుంటి బాగుందని రాసుకున్నారు.

నార కుట్టారు. వానాకాలం పోయి చలికాలం వచ్చేసరికి అఖిల నడిచింది, ఆ తర్వాత ఉరికింది. మొదటిసారి మైదానంలో పూర్తి పరుగు తీసిన రోజు ఓదెలు గీత బయట నిలబడి, మెడలో ఈల ఉన్న సంగతి కూడా మర్చిపోయి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "మా చెల్లె దేవత" అని బడి మొత్తానికి చెప్పుకున్నాడు. మల్లీశ్వరి ఆ మాటకు సిగ్గుపడింది. లోపల సంతోషించింది కూడా. పత్రికల వాళ్ళు వచ్చారు. రాష్ట్ర జట్టు శిక్షణ శిబిరానికి అఖిల ఎంపికైంది.

శిబిరం నుంచి తిరిగొచ్చాక ఒక ఆదివారం మల్లీశ్వరి అన్న ఇంటికి వెళ్ళింది. అందరూ చాపమీద కూర్చుని తింటుంటే అఖిల వంటగట్టు మీద కంచం పెట్టుకుని నిలబడి తింటోంది.

"కూసోని తిను బిడ్డా అంటే ఇంటలేదు మల్లీ, నువ్వన్న చెప్పు" అంది స్వరూప.

"నిలవడితెనే మంచిగనిపిస్తున్నదే" అంది అఖిల, కంచంలోంచి తల ఎత్తకుండా.

మల్లీశ్వరి చెయ్యి కడుక్కుని, ఆ పిల్లను గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. కూర్చోమంది. అఖిల మంచం పట్టె పట్టుకుని వంగింది. సగం దాకా వచ్చి ఆగిపోయింది, వానకు ఉబ్బిన తలుపు మధ్యలో ఆగిపోయినట్టు. ఇంకొంచెం వంగబోతే పెదవి కొరుక్కుంది. శిబిరం నుంచి వచ్చేటప్పుడు బస్సులో దారంతా నిలబడే వచ్చానని అప్పుడు చెప్పింది. పాయిఖానాకు వెళ్ళాలంటే ఏడుపొస్తోందని కూడా చెప్పింది. ఆటలో కూర్చునే వంతు వచ్చినప్పుడల్లా సాకులు చెప్పి తప్పించుకుని ఉరికే వంతు పుచ్చుకుంటోందట.

మల్లీశ్వరి ఆ పిల్ల పిర్ర కింద వేళ్ళు పెట్టి నొక్కింది. చర్మం కింద నార తగిలింది. బొటనవేలంత లావుగా, రాయిలా ఉంది. ఆమెకు ముందు కలిగింది గర్వం. గాజుపాత్రలో ఏనాడూ ఇంత బాగా ముదరలేదు అనుకుంది. ఆ తర్వాతే భయం వేసింది. ఆ వరసను ఆమె ఎన్నటికీ తనకు తాను క్షమించుకోలేకపోయింది.

ఈసారి తుంటికి కూడా ఎక్స్‌రే ఫొటోలు తీశారు. ఫర్హానా తెరమీద వేలు పెట్టి చూపించింది. తొడ ఎముక పైకొస బంతిలా ఉంటుంది, అది తుంటిలో ఉన్న గిన్నెలో తిరుగుతుంది. అఖిల ఎముకలో ఆ బంతి కింది మెడ మీద ఒక బొడిపె ఉంది. కాలు బాగా ముడిచినప్పుడల్లా ఆ బొడిపె గిన్నె అంచుకు గుద్దుకుంటోంది.

"మరి ఇన్నేళ్ళు ఎలా కూర్చుంది?" అంది మల్లీశ్వరి.

"అదే చూడండి. ఎముకకు ఎముక అడ్డం పడ్డప్పుడల్లా తొడ వెనక కండరం కటిని కొంచెం వెనక్కి లాగి సందు ఇస్తూ వచ్చింది. తుంటి చెయ్యాల్సిన పని కూడా అదే చేసింది. ఆ చాకిరీకే మూడుసార్లు తెగింది. మనం తెగినచోట కుట్టాం. ఎందుకు తెగుతోందని అడగలేదు."

మల్లీశ్వరికి మిగతాది ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. అఖిల కూర్చున్న ప్రతిసారీ నారకు ఒక లాగుడు. నారకు తెలిసిందొక్కటే. ఆ పిల్ల ఇంకా బలం కావాలని అడుగుతోందనుకుని అది ముదిరింది, బిగిసింది, పొట్టిదైంది. ఇప్పుడు బొడిపెను చెక్కేసినా నార వదులు కాదు. లాగితే పెరగడం నేర్పింది గానీ చాలు, ఇక వదులు అని చెప్పే దారి మల్లీశ్వరి పెట్టలేదు. అలాంటిది అవసరమవుతుందని ఆమెకు తోచనే లేదు.

మిగిలిన దారి ఒక్కటే. బొడిపె చెక్కాలి, నారను కండరం మొదలుతో సహా తీసెయ్యాలి. అఖిల కూర్చోగలుగుతుంది, నడవగలుగుతుంది. ఇక ఎప్పటికీ ఉరకలేదు. నార అలాగే ఉంచేస్తే కొన్నాళ్ళు ఉరకవచ్చు, ఆ తర్వాత తుంటి గిన్నె అరిగిపోయి నడకే పోతుంది.

అఖిల అంతా వింది. "తీసేయిండ్రి" అంది. "అందరి లెక్క కూసోని ఒక ముద్ద తింటె సాలు."

ఆపరేషన్‌కు ముందు, గదిలో ఇద్దరే ఉన్నప్పుడు, ఆ ఫొటో ఇంకోసారి చూపించమని అడిగింది.

"గీ బొడిపె పుట్టుకతోనే ఉంటదా అత్తమ్మా?"

"లేదు. ఎదిగే వయసులో వస్తది. కొందరికి."

"ఎందుకొస్తది?"

మల్లీశ్వరి ఫొటోను కవరులో పెట్టబోయింది. అఖిల ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేను చిన్నప్పటి సంది కూసున్నందుకేనా?"

మల్లీశ్వరికి అబద్ధమాడాలనిపించింది. నోరు రాలేదు. "ఉత్తగ కూసుంటె రాదు బిడ్డా. గంటలు గంటలు కూసోని, అట్లనే ఒక్కసారి లేసి ఉరుకుడు. ఎముక ఇంకా గట్టిపడకముందే దాని మీద అంత బరువు పడితె, అది తనను తాను కాపాడుకోనీకి అక్కడ పెరుగుతది."

"నాన్నకు తెల్వొద్దు." అంది అఖిల. "నాన్నకు ఆ ఆట తప్ప ఏముంది చెప్పు? నా కాలు పోయింది సరే. ఆయన ఆట గూడ పోవాల్నా? నీ దారం వల్లనే అయిందని చెప్పు. నువ్వు తట్టుకుంటవు, నాన్న తట్టుకోడు."

మల్లీశ్వరి ఒట్టు వేసింది. ఆ మాటలో అన్యాయమేమీ ఆమెకు కనిపించలేదు.

అఖిల ఎడమకాలు కొంచెం ఈడుస్తూ ఇంటికి వెళ్ళింది. వాకిట్లో బంధువులందరి ముందూ ఓదెలు చెల్లెలి వైపు తిరిగాడు. "నా బిడ్డను ఎలుకను చేసినవు గదనే. మేకల మీద అయిపాయె, కుందేళ్ళ మీద అయిపాయె, ఇగ నా బిడ్డే దొరికిందా నీకు?" మల్లీశ్వరి తలవంచుకుని నిలబడింది. అన్న తిట్టే కొద్దీ ఆమెకు ఒక రకంగా తేలికగానే ఉంది. పరీక్షలు ఆపేసింది. నార కుట్టించుకున్న ప్రతి మనిషినీ పిలిపించి తుంటికి ఫొటోలు తీయించింది. వాళ్ళెవరికీ బొడిపె లేదు. ఆమె చెడగొట్టింది ఒక్క తన ఇంటి పిల్లనే.

ఆ ఒట్టు అలాగే ఉండిపోయేదేమో. కానీ మరుసటి చలికాలం వెళ్ళిపోతుండగా ఫర్హానా ఆమెను తన గదికి పిలిచింది. తొడనొప్పితో ఎవరొచ్చినా ఇప్పుడు ఆమె తుంటి కూడా చూస్తోంది. తెరమీద రెండు ఫొటోలున్నాయి. ఇద్దరూ పదకొండేళ్ళు దాటని ఆడపిల్లలు. ఎముక మెడ మీద అప్పుడే మొలుస్తున్నట్టు ఒక చిన్న ఉబ్బు, ఇద్దరికీ అదే చోట.

"ఏ ఊరు పిల్లలు?" అని అడిగింది మల్లీశ్వరి, తెలిసి కూడా.

"మీ అన్నగారి బడి." ఫర్హానా ఆమె ముఖంలోకి చూడలేదు. "ఈ వయసులో ఆపితే ఆగుతుంది. అందరికీ రాదు, ఎవరికొస్తుందో ముందు తెలియదు. పిల్లల్ని అలా కూర్చోబెట్టడం ఆపాలి, అంతే. చెప్పేవాళ్ళు కావాలి. నేను చెప్తే మీ అన్నగారు వింటారా?"

వినడని మల్లీశ్వరికి తెలుసు. ఆయన బిడ్డ కాలు ఎందుకు పోయిందో చెబితే తప్ప వినడు.

ముందు అఖిలకు ఫోన్ చేసింది. ఫొటోల సంగతి చెప్పింది.

"ఒట్టు వేసినవు అత్తమ్మా."

"వేసిన."

"ఇంకేదన్న చెప్పి ఆపరాదు? సర్కారు రూల్ వచ్చిందను."

"మీ నాన్న రూల్‌కు ఆగుతడా? రూల్ చూసిపోయేటోడు వచ్చినప్పుడు నిలవెడతడు, పోయినంక కూసోబెడతడు. నీకు తెల్వదా?"

అఖిల ఏడుస్తోంది. ఏడుస్తూనే, "చెప్పు" అంది. "చెప్పుడైతె చెప్పు. చెప్పినంక మా ఇంటికి రాకు. నాన్న ముఖం చూసినప్పుడల్లా నాకు నువ్వే యాదికొస్తవు." ఫోన్ పెట్టేసింది.

మల్లీశ్వరి బడికి వెళ్ళేసరికి మధ్యాహ్న భోజనం వేళైంది. మైదానంలో రెండు ఖో-ఖో స్తంభాల మధ్య గీసిన గీత మీద పిల్లలు వరసగా ఉన్నారు. ఆటలో ఉన్నట్టే ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి గొంతుక్కూర్చుని, ముందు కంచాలు పెట్టుకుని తింటున్నారు. వాళ్ళను దాటుకుంటూ పోతుంటే ఒక పాప మాటలు వినిపించాయి. తినేటప్పుడు పిర్ర నేలకు ఆనితే ఆ రోజు గుడ్డు పక్కవాళ్ళదట. అది సారు పెట్టిన ఆట. ఒక పిల్లాడు తూలి చెయ్యి ఆనిస్తే అందరూ గొల్లున అరిచారు. వాడు సర్దుకుని మళ్ళీ మడమల మీద నిలదొక్కుకున్నాడు, గుడ్డు నోట్లో పెట్టుకుని బుగ్గ ఉబ్బించాడు. ఎవరి ముఖంలోనూ కష్టం లేదు. సారంటే ఎంత ఇష్టమో ఆ కూర్చోవడంలోనే కనబడుతోంది.

ఓదెలు వరస చివర నిలబడి తింటున్నాడు. చెల్లెల్ని చూసి ముఖం తిప్పుకున్నాడు.

"ఎందుకొచ్చినవ్?"

"ఒక మాట చెప్పిపోత అన్నా. ఇన్నంక తిడితె తిట్టు."

ఆమె ఫొటోలు తీసింది. ముందు ఆ ఇద్దరు పాపలవి చూపించింది, పేర్లు చెప్పింది. తర్వాత అఖిలది చూపించింది. ఎలా చెప్పాలో దారంతా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. వేలు పెట్టి, గిన్నె, బంతి, బొడిపె అని చూపించింది. నార తప్పు నార తప్పే, అది నాదే అంది. కానీ నరం తెగింది ఈ బొడిపె వల్ల అంది. ఈ బొడిపె ఎందుకు వచ్చిందో చెప్పింది.

ఓదెలు కంచం కింద పెట్టి, అఖిల ఫొటోను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"అఖిలకు తెలుసా?"

"ఆపరేషన్‌కు ముందే తెలుసు. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు వేయించుకుంది."

ఆ మాటకు ఓదెలు పక్కనున్న స్తంభం పట్టుకున్నాడు. అప్పుడు మల్లీశ్వరికి తెలిసింది, తాను అన్నను రెండుసార్లు కొట్టిందని. బొడిపె సంగతి ఒకటి. తన బిడ్డ ఇన్ని నెలలుగా తనను కాపాడుతూ వచ్చిందన్నది ఇంకొకటి. రెండోదే గట్టిగా తగిలింది.

అతను వరస దగ్గరికి వెళ్ళాడు.

"కింద కూసోండ్రి బిడ్డా. అందరు మంచిగ కింద కూసోండ్రి. పిర్రలు ఆనిచ్చి."

ఎవరూ కదల్లేదు. పిల్లలు ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా నవ్వారు. చివర్న ఉన్న ఒక పాప కంచంలో గుడ్డును ఎడమచేత్తో మూసుకుని, వీపు ఇంకా నిటారుగా పెట్టి, "మేం కూసోం సార్, మాకు తెలుసు, మీరు పరీక్ష పెడుతున్నరు" అంది.

"పరీక్ష కాదు తల్లీ. నిజంగనే. మీ గుడ్డు ఎవరు తీసుకోరు. కూసోండ్రి."

వరసంతా మడమల మీద ఇంకా గట్టిగా కుదురుకుంది. ఓడిపోకూడదని ఆయనే నేర్పాడు. వాళ్ళు ఓడిపోదలచుకోలేదు.

ఓదెలు వాళ్ళ పక్కనే, గీత మీద, కాళ్ళు చాపుకుని మట్టిలో కూలబడ్డాడు.

"సార్ ఆనిండు! సార్ కూసున్నడు!" పిల్లలు చప్పట్లు కొట్టి అరిచారు. ఆ పాప గొంతుక్కూర్చునే రెండడుగులు జరిగి వచ్చి, సారు కంచంలోని గుడ్డును గెలుచుకున్న సంబరంతో తీసుకుంది.

సారు ఏడుస్తున్నాడని వాళ్ళకు తెలియడానికి ఇంకా కాసేపు పట్టింది.